తామరాకు రాక్షసులు

తాడేపల్లిగూడెం,
7 జూలై 2025, సోమవారం.

మంగత్తయ్యకి,

నేను సిగ్గుతో చితికిపోయి గదిలోంచి బయటికి రావడం లేదని మా ఇంట్లో అందరూ తేల్చేసుకున్నారు. అమ్మ కంచం గుమ్మం దగ్గర పెట్టి, "ఏడువు తల్లీ, ఏడిస్తే కాస్త తేలికపడతావు" అని వెళ్ళిపోతోంది. నాన్న జబ్బుమనిషి ఉన్న ఇంట్లోలాగా మెట్లమీద చప్పుడు కాకుండా నడుస్తున్నారు. నేను ఏడవడం లేదత్తయ్యా. సినిమా చూస్తున్నాను. ఆ సినిమానే. గొడవ జరిగాక ఇది మూడోసారి.

ఫోను నాన్న గల్లాపెట్టెలో పెట్టేశారు. ఇరవై నాలుగేళ్ళ బీటెక్ పిల్లని నేను. ఉద్యోగాలు వెతుక్కుంటానని లాప్‌టాప్ మాత్రం వదిలారు. అయినా ఫోనున్నా మీకు ఉత్తరమే రాద్దును. మీ ఫోను మావయ్య చేపల మేత కొట్టులో స్పీకర్ పెట్టి బల్లమీద ఉంచుతారు. నా గోడు కలిదిండి చెరువుల రైతులందరూ వినాల్సి వస్తుంది.

జరిగింది మీ దాకా ఏ రూపంలో వచ్చిందో తెలీదు కాబట్టి నేనే చెబుతున్నాను. కింద మన చీరల కొట్లో డిజైన్లు చూపించడానికి గోడకి పెద్ద టీవీ ఉంది కదా. పైన నా గదిలో ఇంకోటి. మొన్న మంగళవారం ఫోన్లో సినిమా పెట్టి, టీవీలో చూద్దామని పంపించాను. నా టీవీలో బొమ్మ రాలేదు. నెట్ నెమ్మదిగా ఉందనుకున్నాను. బొమ్మ కింద కొట్లో పడింది. అక్కడ నాగవల్లిగారు, అదే, ఏలూరు సంబంధం హేమంత్‌కుమార్ వాళ్ళమ్మగారు, నా నిశ్చితార్థం చీర ఎంచుతున్నారు. కొంగు భుజం మీద వేసుకుని తలెత్తారు. ఎదురుగా టీవీలో నలుగురు కాలేజీ కుర్రాళ్ళు ఒంటిమీద నూలుపోగు లేకుండా, తామరాకులు అడ్డం పెట్టుకుని నడిచొస్తున్నారు. నాన్నకి రిమోట్ దొరకలేదు. తమ్ముడు స్టూలెక్కి ప్లగ్గు పీకేసరికి సగం ఆకులు రాలిపోయాయి.

సినిమా పేరు 'గోడ దూకిన గోవిందులు'. ఎనభై ఆరులో వచ్చింది. సెకండియర్లో ఉండగా మా హాస్టల్లో పదిమందిమి ఒక్క మంచం మీద కూర్చుని మొదటిసారి చూశాం. ఎవరో పాత క్యాసెట్ నుంచి నెట్‌లో ఎక్కించిన ప్రింటు, మొహాలన్నీ ఆకుపచ్చగా ఉంటాయి. అబ్బాయిలు లేడీస్ హాస్టల్లోకి తొంగిచూడాలని నానా పాట్లు పడుతూ ఉంటారు, అదీ కథ. ఇప్పుడు చూస్తే వార్డెను లావు మీద వేసిన జోకులు పాచిపోయాయి. రెండర్థాల పాట ఒకటుంది, దాన్ని ముందుకి జరిపేస్తాను. కానీ అత్తయ్యా, ఆ అమ్మాయిలు! ఒక్కసారి కూడా కెవ్వుమని మొహం కప్పుకోరు. కుర్రాళ్ళు గోడెక్కేసరికి అవతల కుర్చీలు వేసుకుని, వేరుశనక్కాయలు వొలుచుకుంటూ, ఎవడు ముందు పడతాడా అని పందేలు కాస్తుంటారు. సినిమా కుర్రాళ్ళదని పోస్టర్లో ఉంటుంది గానీ చూస్తే మొత్తం అమ్మాయిలదే. ఆ తామరాకుల సీను మొదటిసారి చూసినప్పుడే, ఇది నాకు ఎప్పటినుంచో తెలుసే అనిపించింది. ఎందుకో తెలీదు.

ఇప్పుడు మావాళ్ళ పథకం ఏమిటంటే, ఇరవయ్యో తేదీ ఆదివారం ఏలూరు వెళ్ళాలి. "పెట్టింది మా మణికంఠండి, ఇంటర్ కుర్రాడు, తెలిసీ తెలియని వయసు" అని నాన్న చెబుతారు. నేను పక్కన నిలబడి తలూపాలి. మణికంఠ ఒప్పేసుకున్నాడు కూడా. కాలేజీలో వాడి పరపతి పెరిగిందట.

నాకు తల ఊపాలని లేదు. నాన్నకి మీరు చెబితే వింటారు. చెప్పరూ?

మీ హర్షిణి

*

కలిదిండి,
11 జూలై, శుక్రవారం.

హర్షిణమ్మకి అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం వచ్చేసరికి ఇక్కడ మబ్బు పట్టి నాలుగు రోజులైంది. మబ్బు పడితే చెరువుల్లో గాలి చాలదు, చేపలు నీటిమీదకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. మీ మావయ్య తెల్లారగట్ల లేచి ఊరందరి చెరువుల మీదా తిరుగుతున్నారు, మేత ఎవరెంత తగ్గించాలో చెప్పడానికి. ఇంటికొచ్చి కాఫీ గ్లాసు చేతిలో పట్టుకునే నిద్రపోతున్నారు. అందుకని జవాబు ఆలస్యం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పనిమనిషి దానమ్మ వచ్చి, "ఏవండీ అమ్మగారూ, ఒంట్లో బాగానే ఉందాండి?" అని అడిగింది.

ఇక నా మాట విను. ఎవరు పెడితే ఏమిటే? తమ్ముడి మీద పెట్టెయ్యి. మగపిల్లాడు, వాడికంటేది లేదు, రేపటికి మరిచిపోతారు. నీ పేరు చెబితే నీ పిల్లల పెళ్ళిళ్ళ దాకా తవ్వి తీస్తారు. ఒక్క అబద్ధంతో పోయేదానికి ఇంత రాద్ధాంతం దేనికి? హేమంత్‌కుమార్ మంచివాడేనని మీ నాన్న అన్నాడు. ఏలూరు మీ గూడేనికి ఎంత దూరం? అమ్మ దగ్గరే ఉన్నట్టు.

మీ నాన్నకి నేను చెప్పను. ఇంకో సంగతి. ఆ సినిమా ఊసు మీ నాయనమ్మ దగ్గర మాత్రం ఎత్తకు. ఆ పేరు వింటే మా అమ్మ తట్టుకోలేదు.

ఎండు మాగాయ పంపుతున్నాను, మణికంఠకి కనపడకుండా దాచుకో.

అత్తయ్య

*

తాడేపల్లిగూడెం,
15 జూలై, మంగళవారం.

అత్తయ్యా,

మాగాయ అందింది. మిగతాది నచ్చలేదు.

మీరు కూడా అంతేనన్నమాట. ఎవరు పెడితే ఏమిటన్నారు. పెట్టింది నేను. ఇష్టపడింది నేను. ఆ సినిమాలో సత్యవతి అని బోటనీ అమ్మాయి ఉంటుంది, మొత్తంమీద ఏడెనిమిది సీన్లుంటాయేమో. ఆఖర్లో ప్రిన్సిపాలు విచారణ పెడతాడు. అమ్మాయిలందరూ వరసగా నిలబడి తలలు వంచుకుంటారు. "ప్రార్థన జరుగుతుండగా నవ్వింది ఎవరు?" అని బల్ల గుద్దుతాడు. ఎవరూ పలకరు. తప్పుకోవడానికి అన్ని దారులూ ఉన్నాయి. అప్పుడు సత్యవతి జడ వెనక్కి వేసుకుని, పక్కింటి పిన్నిగారికి పాలు తెచ్చానని చెప్పినంత మామూలుగా, "నవ్వింది నేనేనండి. రేపు కూడా నవ్వుతానండి" అంటుంది. కెమెరా ఆ అమ్మాయి మొహం మీద అలాగే ఉండిపోతుంది. కిందా మీదా పడి దొర్లే సినిమాలో అంత నిదానమైన షాట్ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో. పేర్లలో ఆ అమ్మాయి పేరు కూడా సరిగ్గా కనపడదు. నాకు క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం ఇదిగో అదిగో అని ఏడాది తిప్పి రద్దు చేసినప్పుడు, ఇంట్లో కూర్చుని చీరలు మడతపెడుతున్న ఈ ఎనిమిది నెలలూ, నేను మళ్ళీ మళ్ళీ చూసింది ఆ షాటే. ఆ సినిమా మణికంఠ చూశాడని నేనెలా చెప్పను?

ఇదంతా నిన్న పొద్దున్న దాకా.

నిన్న దేవుడి గది ముందునుంచి వెళుతూ నాయనమ్మని చూశాను. పటాల ముందు కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరిపోయేలా ఏడుస్తోంది. ఆ రోజు ఆవిడ కొట్లోనే గల్లాపెట్టె పక్కన కుర్చీలో ఉంది. మొత్తం చూసింది. ఆవేళ్టి నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదు. అమ్మ అన్నం పెడుతుంటే మధ్యలో ఆగిపోయి మొహం పక్కకి తిప్పేసుకుంటోంది. పేరు వింటేనే తట్టుకోలేదని మీరు రాశారు. అది గుర్తొచ్చి గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ శ్రావణ శుక్రవారం చేతిలో అక్షింతలు పెట్టి కథ చెప్పిన మనిషి. ఆ మనిషిని ఈ వయసులో ఏడిపించాను.

నాన్న మీద కోపం ఉంది, మీ మీద ఉంది. నాయనమ్మ మీద ఏం చూపించను? ఆదివారం ఏలూరు వెళ్ళి మణికంఠే పెట్టాడని చెప్పేస్తాను. తల ఊపడం కాదు, నా నోటితోనే చెబుతాను. మీరు కోరుకున్నదే.

హర్షిణి

*

కలిదిండి,
18 జూలై, శుక్రవారం.

ఒసేయ్ పిచ్చి మొహమా,

పోస్టులో వేస్తే ఆదివారం లోపు అందదని మేత లారీ డ్రైవరు అభిషేక్ చేతికి ఇస్తున్నాను. గూడెం మీదుగానే పోతున్నాడు. నీ చేతికే ఇమ్మన్నాను.

మా అమ్మ ఏడవడం లేదే. నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్ళు చెయ్యి నేలకేసి కొట్టరు. కొట్టిందో లేదో గుర్తు తెచ్చుకో.

తట్టుకోలేదంటే, నవ్వు తట్టుకోలేదని. ఒకసారి మొదలుపెడితే ఆపుకోలేక ఇంటిల్లిపాదికీ చెప్పేస్తుందేమోనని రాశాను. నువ్వు ఇంకోలా తీసుకుంటావని ఎలా అనుకుంటాను? ఇక చెప్పక తప్పదు.

అప్పుడు మనవాళ్ళు గుండుగొలనులో ఉండేవారు. నాకు పదిహేడేళ్ళు. ఊళ్ళో రేకుల షెడ్డు సినిమా హాలుండేది. శ్రావణ శుక్రవారం మధ్యాహ్నం ఆట ఆడవాళ్ళకి మాత్రమే. ఏదో ఒక అమ్మవారి సినిమా వేసేవారు, గుమ్మంలోనే బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క, శనగలు చేతిలో పెట్టేవారు. సినిమా రీళ్ళ పెట్టెలు బెజవాడ నించి బస్సులో వచ్చేవి. ఆవేళ బస్సువాడు మన పెట్టె గూడెంలో దింపి, గూడెం హాలు పెట్టె మన ఊళ్ళో దింపాడు. ఆపరేటరు రత్నం పెట్టె మీద పేరు చూసుకోలేదు, హడావుడిలో ఎక్కించేశాడు.

మొదటి బొమ్మే సరస్వతీదేవి పటం. గంట మోగుతోంది. తడిబట్టలతో కుర్రాళ్ళు దణ్ణాలు పెడుతున్నారు. ఇంకేముంది, హాలంతా లేచి నిలబడింది. అమ్మవారి సినిమాకి తెరకి హారతి ఇవ్వడం మాకు రివాజు. మా అమ్మ కనకమ్మగారే పళ్ళెం పట్టుకుని ముందుకెళ్ళింది. కర్పూరం వెలిగించింది, కొబ్బరికాయ కొట్టింది, అందరం కళ్ళకద్దుకున్నాం. అప్పుడు ఆ కుర్రాడు పటాన్ని పక్కకి జరిపాడు. వెనక గోడకి కన్నం. అవతల లేడీస్ హాస్టలు! వాడు కన్నానికి కన్ను ఆనించాడు. అవతలనుంచి ఆ సత్యవతి ఇంకు పిచికారీ కొట్టింది.

 మా అమ్మ పళ్ళెం చేతిలో పట్టుకుని తెర ముందు అలాగే నిలబడి ఉంది. ఇంకు పడ్డవాడు గెంతుతుంటే ముందు నవ్వింది ఆవిడే. తరవాత హాలు ఆగలేదు.

రత్నం చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "తప్పైపోయిందండి కనకమ్మగారూ, ఆపేస్తానండి, పెట్టె మారిపోయిందండి" అన్నాడు. కొంతమంది పెద్దవాళ్ళు కొంగులు సర్దుకుని లేచారు. మా అమ్మ వెనక్కి తిరిగి, "కూర్చోండి. హారతి ఇచ్చేశాం. హారతిచ్చిన సినిమా మధ్యలో లేచిపోతే ఇంటికి మంచిది కాదు. నువ్వు వెయ్యి నాయనా" అంది. అందరూ కూర్చున్నారు. శనగలన్నీ అయిపోయేదాకా, సినిమా అయిపోయేదాకా, ఒక్కరూ లేవలేదు. నేను నా జన్మలో అంతమంది ఆడవాళ్ళు ఒక్కచోట అంత గట్టిగా నవ్వడం మళ్ళీ వినలేదు.

బయటికొచ్చేముందు అందరం అనుకున్నాం, మనం చూసింది అమ్మవారి సినిమానే అని. ఇంటికి రాగానే మా నాన్న వాలుకుర్చీలో కూర్చుని, "ఏమిటే కథ?" అని అడిగారు. మా అమ్మ తడుముకోలేదు. అమ్మవారి పూలతోట గోడ దూకిన నలుగురు రాక్షసుల కథ చెప్పింది. చెలికత్తె సత్యవతి వాళ్ళ బట్టలు మాయం చేస్తే, తామరాకులు కట్టుకుని మూడు లోకాలూ తిరిగారని చెప్పింది. మా నాన్న భక్తిగా విన్నారు. అంత బాగుంది కదా, ఏటా చెప్పు అన్నారు.

నువ్వు అక్షింతలు పట్టుకుని విన్న కథ అదేనే. రాక్షసులకి ఆకుపచ్చ రంగేసి బొమ్మలు గీసి నాకు పంపేదానివి, గుర్తుందా?

ఇంకొకటి. మన పెట్టె గూడెం పోయింది కదా, అక్కడ మార్నింగ్ షోకి ఎగబడ్డ మగవాళ్ళకి అమ్మవారి సినిమా పడితే, అక్కడా హారతిచ్చి బొట్లు పెట్టారట. ఆవేళ సరుకు కొనడానికని గూడెం వెళ్ళిన మీ నాన్న, నుదుట ఇంత బొట్టుతో తిరిగొచ్చాడు. ఎక్కడికెళ్ళావని నేను అడగలేదు.

ఆదివారం ఏం చెబుతావో నీ ఇష్టం. నన్నడిగితే ఇప్పటికీ తమ్ముడి పేరే చెప్పమంటాను. మేమందరం అలాగే గడిపేశాం, బాగానే గడిచింది.

అత్తయ్య

*

తాడేపల్లిగూడెం,
21 జూలై, సోమవారం.

మంగత్తయ్యా,

చెయ్యి నేలకేసి కొట్టింది. ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లోవాళ్ళు నన్ను చూసి ఏమనుకున్నారో నేను నాయనమ్మని చూసి అదే అనుకున్నాను. ఇక వాళ్ళని ఏమనను?

మీ ఉత్తరం చదివి, లాప్‌టాప్ పట్టుకుని నాయనమ్మ గదికి వెళ్ళాను. ఏమీ అడగలేదు. సినిమా పెట్టాను. సరస్వతీదేవి పటం రాగానే ఆవిడ లేచి చెంపలేసుకుని, నావైపు తిరక్కుండానే, "మంగ చెప్పేసిందా?" అంది.

"చెప్పేసింది నాయనమ్మా."

"దాని నోట్లో నువ్వుగింజ నానదు. కాస్త జరుగు, నాకు కనపడ్డం లేదు."

ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. గొడవ జరిగాక నాకిది నాలుగోసారి, ఆవిడకి మొత్తంమీదే రెండోసారి. అయినా నాకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. గోడ దగ్గర కుర్చీలు వేసుకునే సీనులో మూడో అమ్మాయి చేతిలో శనక్కాయలు కాదట, మరమరాలట. చూస్తే నిజమే. పాట ముందుకి జరపబోతే చెయ్యి పట్టుకుంది. "ఉండనీవే, ఈ పాట వస్తుంటేనే అందరం కొబ్బరిముక్కలు పంచుకున్నాం." సత్యవతి మాట వచ్చేముందు తెర మీద అమ్మాయి పెదవి కదలకముందే నాయనమ్మ అనేసింది, "నవ్వింది నేనేనండి." తరవాతి ముక్క ఇద్దరం కలిసి అన్నాం.

ఆదివారం ఏలూరు వెళ్ళాం. నాయనమ్మ పట్టుబట్టి వచ్చింది. నాగవల్లిగారు మంచి మనిషి, అబద్ధం చెప్పకూడదు. కాఫీలిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, నాన్న ఇంకా గొంతు సవరించుకుంటుండగానే, "పోనిద్దురూ, మీ అబ్బాయి పెట్టాడట కదండీ. మగపిల్లలు, ఆ వయసులో చూస్తారు" అన్నారు. నేను తల ఊపితే చాలు, అంతా అయిపోతుంది.

"పెట్టింది నేనేనండి" అన్నాను. "నాకు చాలా ఇష్టమైన సినిమా అండి."

నాన్న కాఫీ కప్పు కింద పెట్టేశారు. హేమంత్‌కుమార్ గబగబా, "సరదాకి అంటోందమ్మా" అన్నాడు. సరదాకి కాదండి అన్నాను. నాగవల్లిగారు నావైపు తిరిగారు. కోప్పడలేదు. "సరేనమ్మా, నిజం చెప్పావు, సంతోషం. మా ఇంటికొచ్చాక మాత్రం అలాంటివి వద్దు. నలుగురిలో నవ్వులాట అవుతుంది" అన్నారు. అప్పుడు చూశాను, సోఫా చివర నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు అదురుతున్నాయి. నాగవల్లిగారు కంగారుగా మంచినీళ్ళు తెప్పించి, "చూడమ్మా, పెద్దావిడ ఎంత బాధపడుతున్నారో" అన్నారు. నాయనమ్మ ఆ నీళ్ళు తాగడానికి చాలాసేపు పట్టింది.

బయలుదేరేముందు హేమంత్‌కుమార్ వరండాలో పట్టుకున్నాడు. "మీరు మరీనండి. అమ్మ ముందు సరే అనెయ్యండి. తరవాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఏం చూసుకున్నా అమ్మకి తెలీదు. నేనూ అంతే చేస్తాను" అన్నాడు. పాపం, అతను నాకు మేలు చేద్దామనే అన్నాడు. నాకు మాత్రం నాయనమ్మ నోట్లో కొంగే కనపడింది.

తిరిగొస్తుంటే కారు నాన్న నడుపుతున్నారు. గుండుగొలను దాటుతుండగా నాయనమ్మ అద్దం దించి, హాలు ఉన్నచోటు చూపించింది. ఇప్పుడక్కడ ఐస్ ఫ్యాక్టరీ. నాన్న కారు వేగం తగ్గించారు. రోడ్డు మీదే చూపు పెట్టి, "అమ్మా, ఆ అమ్మవారి సినిమాలో తామరాకులు లేవే" అన్నారు. "నేను చూశాను కదా."

నాయనమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "తెలుసురా, నీ బొట్టు చూసినప్పుడే తెలుసు" అంది.

అంతే. నాన్న నాతో ఇంకా మాట్లాడలేదు. కానీ పొద్దున్న లేచేసరికి నా ఫోను మెట్లమీద ఉంది, ఛార్జింగ్ నిండా పెట్టి.

మీ మాట నేను తీసెయ్యడం లేదత్తయ్యా. మీరందరూ అలాగే గడిపారు, బాగానే గడిచిందన్నారు. నిజమే అయ్యుంటుంది. అయితే అంతమంది ఆడవాళ్ళు అంత గట్టిగా నవ్వడం మళ్ళీ వినలేదని రాసింది కూడా మీరే.

హేమంత్‌కుమార్‌ని నేను చేసుకోవడం లేదు. నాగవల్లిగారికి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను. నాన్నకీ చెప్పాను, విన్నారు. శ్రావణ శుక్రవారం ఇరవై అయిదున వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి కొట్లో పెద్ద టీవీలో 'గోడ దూకిన గోవిందులు' వేస్తున్నాను. ఆడవాళ్ళకి మాత్రమే. హారతి నాయనమ్మ ఇస్తుంది.

హర్షిణి